ఎక్కడికీ వెళ్లనన్న ఆవిడ

విజయవాడ,
డిసెంబరు 2025.

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం చేరింది. మీ ఆస్ట్రేలియాలో జీలాంగ్ శివార్లలో పొలాలు పోయి ప్లాట్లు వస్తున్నాయనీ, ఆ ప్లాట్లలో రేపు ఉండబోయేవాళ్లు ఏ దారిన పోతారో ఇప్పుడే లెక్కగట్టి ఇమ్మంటున్నారనీ రాశావు. చదువుతుంటే నవ్వొచ్చింది. జీలాంగ్ తీసేసి పెనమలూరు అని పెడితే నా టేబులు మీదున్న కాగితం కూడా అదే. చివర్లో మాటవరసకి అన్నట్టు "ఇంతకీ మీ బెజవాడ మెట్రో జనం ఎక్కుతారటే?" అని ఒక ముక్క వేశావు చూడు, దానికే ఈ జవాబు. మిగతా కబుర్లు ఫోన్లో.

సంగతి నీకు సగమే తెలిసుంటుంది. 2024 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకున్న మొదటి దశ 38.4 కిలోమీటర్లు, ఖర్చు 11,009 కోట్లు. రెండు లైన్లు, రెండూ బస్టాండు దగ్గరే మొదలు. ఒకటి గన్నవరానికి, రెండోది బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకి. 2017 నాటి కేంద్ర మెట్రో విధానం ప్రకారం ఏ ఊరు మెట్రో అడిగినా ముందు ఊరంతటికీ రవాణా ప్రణాళిక ఉండాలి. ఆ పైన బస్సు సరిపోతుందా, మరోటి సరిపోతుందా అని పోల్చి చూపాలి. ఆ రెండూ నిలబడేది ప్రయాణాలని అంచనా కట్టే మోడల్ మీద. మోడల్ నిలబడేది ఇంటింటి సర్వే మీద. సర్వే నిలబడేది మధ్యాహ్నం పూట తలుపు తీసిన మనిషి మీద. ఎంతమంది ఎక్కుతారన్న అంకె నేను చెప్పను గానీ, ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను.

మీ అమ్మాయి "అమ్మ ఆఫీసులో ఏం చేస్తుంది" అని అడుగుతోందన్నావుగా. ఇలా చెప్పు. ముందు ఊరిని జోన్లుగా కోస్తారు. ఒక్కో జోన్ నుంచి రోజుకి ఎన్ని ప్రయాణాలు బయల్దేరతాయన్నది మొదటి లెక్క. అవి ఏ జోన్‌కి పోతాయన్నది రెండోది. బస్సా, బండా, ఆటోనా అన్నది మూడోది. ఏ రోడ్డు పట్టుకుంటాయన్నది నాలుగోది. 1950లలో డెట్రాయిట్‌లో, తరవాత షికాగోలో డగ్లస్ కారోల్ బృందం చేసిన అధ్యయనాల్లో ఈ పద్ధతి కుదురుకుంది. అప్పట్లో వాళ్లకి కావలసిన జవాబు పెద్ద రోడ్లు ఎక్కడ వేయాలి, ఎన్ని లైన్లు వేయాలి అన్నదే. పొద్దున కారులో ఆఫీసుకి పోయి సాయంత్రం ఇల్లు చేరే మనిషి ఈ పద్ధతికి సొంత బిడ్డ. మిగతావాళ్లందరినీ తరవాత తరవాత చేర్చుకుంటూ వచ్చారు.

ఈమధ్య ఒక సర్వే బృందం వెంట సింగ్‌నగర్‌లో తిరిగాను. ఒక ఇంట్లో నలభై దాటిన ఆవిడ తలుపు తీసింది. ట్యాబు పట్టుకున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడు, "నిన్న ఎక్కడెక్కడికి వెళ్లారండీ?" అని. "నేనెక్కడికి వెళ్తాను బాబూ, ఇంట్లోనే. మావారు ఆటోనగర్ వెళ్లొచ్చారు, ఆయన సంగతి రాసుకో" అంది. కుర్రాడు ఆవిడకి సున్నా కొట్టి, ఆయన బండి మీద ఎన్నింటికి వెళ్లాడో, ఎన్నింటికి తిరిగొచ్చాడో నిమిషాలతో సహా నింపేశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "పిల్లాణ్ణి బళ్లో ఎవరు దింపారమ్మా?" అన్నాను. ఆవిడే, నడిచి. వచ్చేటప్పుడు రైతు బజారు. సంచి బరువైందని అక్కణ్ణుంచి సర్వీస్ ఆటో. మధ్యాహ్నం డ్వాక్రా మీటింగు. సాయంత్రం మళ్లీ బడి, అటునుంచి అటే అత్తగారి మందులకి వన్‌టౌన్, బస్సులో. అన్నీ చెప్పి, "ఇవన్నీ కూడా వెళ్లడం కిందికే వస్తాయా అండీ?" అని నన్నే ఎదురు అడిగింది.

మరి వస్తాయా? కొన్ని ఫారాల్లో రావు. అర కిలోమీటరు లోపు నడకని రాయొద్దంటారు. కొన్నిటిలో వస్తాయి గానీ, జోన్‌లోపలే మొదలై జోన్‌లోపలే ముగిసిన ప్రయాణం మోడల్లో రోడ్డు మీదికి రానేరాదు. ఎక్కడ పుట్టిందో అక్కడే ఆవిరైపోతుంది. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం, ఎలా వెళ్తున్నారని అడిగారు, మంచిదే. అదీ వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవాళ్లని మాత్రమే. అదీ పనికి పోయిరావడం గురించి మాత్రమే. మందులకి వన్‌టౌన్ వెళ్లిన బస్సు ప్రయాణానికి అక్కడా చోటు లేదు. ఆయన రెండు ప్రయాణాలూ ముప్పై ఏళ్ల తరవాతి రోడ్డుకి ఆధారమవుతాయి, ఆవిడ ఎనిమిది ప్రయాణాలు సున్నా అవుతాయి.

మీ దగ్గర విస్టా సర్వేలో ఇంట్లో ప్రతి ఒక్కరి చేతా ఒక రోజు తిరుగుడంతా రాయిస్తారుగా, నడకతో సహా. దాని విలువ ఇక్కడికొస్తే తెలుస్తుంది నీకు.

ఇంకో రకం మనుషులున్నారు, మన ఊరికే ప్రత్యేకం. ఇంటర్ హాస్టళ్ల పిల్లలు. ఇంటింటి సర్వే ఇళ్లకే పోతుంది, హాస్టల్ గేటు దాటదు. జనాభాలో చూస్తే ఆ పిల్లలు ఉన్నారు, ప్రయాణాల్లో లేరు. మామూలు రోజుల్లో అది నిజమే పాపం, వాళ్లని కదలనివ్వరు. దసరాకో సంక్రాంతికో సెలవులిచ్చిన సాయంత్రం బస్టాండుకి వెళ్లి చూడు, ట్రంకు పెట్టెలతో, వాళ్లని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులతో అడుగు పెట్టే చోటుండదు. మోడల్‌కి తెలిసింది "మామూలు పనిదినం" ఒక్కటే. బెజవాడలో మామూలు పనిదినం ఏదో పట్టుకోవడం ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా? దసరా తొమ్మిది రోజులు, భవానీల రాక, దీక్షల విరమణ, శ్రావణ శుక్రవారాలు, పెళ్లి ముహూర్తాలు. 2028లో కృష్ణా పుష్కరాలు సరేసరి.

ఇక జోన్ల బొమ్మ. ఒక్కో జోన్‌కి నడుమ ఒక చుక్క పెట్టి, జనమంతా అక్కడే ఉన్నట్టు భావించి, ఆ చుక్కని దగ్గర్లోని రోడ్డుకి గీతతో కలుపుతాం. చదునైన గళ్ల ఊళ్లకి ఇది పెద్దగా బాధించదు. మన ఊళ్లో మూడు కాలవలు, బందరు, ఏలూరు, రైవస్. వాటికి తోడు నాలుగు దిక్కులకీ రైలు పట్టాలు. ఎదురుగా కనిపించే వీధికి పోవాలంటే వంతెన వెతుక్కుంటూ పోవాలి. సాఫ్ట్‌వేర్‌కి ఆ బాధ లేదు, కాలవ మీదుగా గీత గీసేస్తుంది. కాగితం మీద సింగ్‌నగర్ నుంచి రైల్వే స్టేషను దగ్గరే. నిజంగా పోవాలంటే ఫ్లైఓవర్ ఎక్కాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ ఫ్లైఓవర్ దిగిన చోట పడవలు తిరిగాయి. ఒక దారి మూసుకుపోతే ఊరి ఉత్తరం వైపు ఏమవుతుందని మోడల్లో ఆ ఒక్క గీత చెరిపి చూడటం పూట పని. అలా చూడమని అడిగేవాళ్లు అరుదు. మోడల్‌ని ఎప్పుడూ కొత్తది కట్టమంటారా అనే అడుగుతారు.

రోడ్డు మీద లెక్కపెట్టేటప్పుడు ఇంకో తమాషా. నువ్వు మర్చిపోయి ఉంటావు, మన ఐఆర్‌సీ 106 పట్టిక (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లది), 1990 నాటిది. కారుని ఒకటి అనుకుంటే, రోడ్డు మీద పదో వంతు మించి ఉన్నప్పుడు మోటారు సైకిలు 0.75, ఆటో 2, బస్సు 3.7. దీన్ని పీసీయూ అంటాం. రోడ్డు నిండిందా లేదా అన్నది వీటి మొత్తంతోనే తేలుస్తాం. యాభైమంది ఎక్కిన సిటీ ఆర్డినరీ 3.7 చోటు తింటుంది, ఒక్కొక్కరే కూర్చున్న నాలుగు కార్లు 4 తింటాయి. చోటు లెక్కగా అది తప్పు కాదు. కానీ ఆ లెక్కే చివరికి "రద్దీ తగ్గింపు" అని రిపోర్టులో పేరు మార్చుకుంటుంది. యాభైమంది నిలిచిపోయినా నలుగురు నిలిచిపోయినా దానికి ఇంచుమించు ఒకటే. 2017లో రోడ్ల సామర్థ్యం లెక్కగట్టే మాన్యువల్ ఇండో హెచ్‌సీఎం వచ్చాక మన రోడ్లకి తగిన లెక్కలు మెరుగయ్యాయి గానీ, బండ్లని లెక్కపెట్టే అలవాటు మాత్రం పోలేదు. బెంజి సర్కిల్ ఫ్లైఓవరూ, దుర్గగుడి ఫ్లైఓవరూ 2020లో తెరిచారు. కింద ఇరుకు తగ్గిన మాట నిజమే. రోడ్డు ఖాళీ అయిందని తెలిసి కొత్తగా బండి తీసినవాళ్లు ఎంతమంది? ప్రయాణాల సంఖ్య ముందే బిగించేసిన మోడల్లో ఆ ప్రశ్నకి చోటే ఉండదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి దగ్గరగా వస్తున్నాను. మొదట చెప్పిన నాలుగు లెక్కల్లో మూడోది, ఎవరు దేన్ని ఎక్కుతారన్నది. అప్పట్లో మనం ఆర్థికవేత్త మెక్‌ఫాడెన్ కథ చదివి ఎంత మురిసిపోయామో గుర్తుందా? శాన్ ఫ్రాన్సిస్కోలో 1972లో బార్ట్ రైలు మొదలైంది. అధికారుల అంచనా ప్రకారం పనికి పోయేవాళ్లలో 15 శాతం దాన్ని ఎక్కాలి. మెక్‌ఫాడెన్ బృందం ముందే ప్రయాణికులని ఒక్కొక్కరిగా అడిగి, వాళ్ల సమయం, ఖర్చు, ఎంపిక చూసి 6.3 శాతం అంది. చివరికి ఎక్కింది 6.2. అందులో అదృష్టం కూడా ఉందని ఆయనే తన నోబెల్ ఉపన్యాసంలో ఒప్పుకున్నాడు, 2000లో. నాకు ఆ కథలో అంకె కంటే ఆ పద్ధతి నచ్చుతుంది. జోన్ సగటు పట్టుకోకుండా మనిషిని పట్టుకున్నాడు.

అంచనాలు ఎంత తప్పుతాయో కూడా లెక్కలున్నాయి. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లైవ్‌బర్గ్ బృందం 14 దేశాల్లోని 210 రోడ్డు, రైలు ప్రాజెక్టులు తిరగేసి 2005లో ప్రచురించింది. పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిదింట ప్రయాణికుల అంచనా ఎక్కువే. సగటున అసలుకి రెట్టింపు. అంత పెద్ద తప్పు, అదీ దాదాపు ఎప్పుడూ ఒకే వైపు దొర్లుతుంటే దాన్ని గణితం మీద తోసెయ్యలేం. మన హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. రోజుకి పదిహేను లక్షల మంది అనుకున్నారు, ఏడేళ్లకీ ఐదు లక్షల చుట్టూనే ఉంది. కరోనా, ఇంట్లోంచే ఉద్యోగాలు, అవన్నీ మధ్యలో వచ్చిపడ్డాయి, కాదనను. అయినా మూడింట ఒక వంతు అంటే ఒక్క కరోనా మీద పెట్టేది కాదు.

మధ్యలో ఇంకోటి కూడా వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. దానివల్ల మెట్రోకి జనం తగ్గారని 2024లో దాన్ని నడుపుతున్న ఎల్ అండ్ టీ వాళ్లే బయటికి అన్నారు. మనకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఇవన్నీ ఆడవాళ్లకి ఉచితం. ఇప్పుడు మోడల్ కట్టేవాడి అవస్థ చూడు. మన సూత్రం సమయాన్ని రూపాయల్లోకి మార్చి, చార్జీకి కలిపి, తక్కువైన దారిని మనిషి ఎంచుకుంటాడంటుంది. ఆ సూత్రంలో అంకెలు నిన్న మొన్నటి సర్వేల నుంచి తీసినవి, అప్పుడు అందరికీ చార్జీ ఉంది. ఇవాళ ఒకే ఇంట్లో ఆయనకి చార్జీ ఉంది, ఆవిడకి లేదు. బందరు రోడ్డు మీద పైన మెట్రోకి టికెట్టు, కింద బస్సు ఉచితం. సింగ్‌నగర్ ఆవిడ ఏది ఎక్కుతుంది?

నీ జవాబు నాకు తెలుసు, "మెట్రో వచ్చాక ఆ రోడ్డు మీద బస్సులు తగ్గించి పక్క వీధుల నుంచి స్టేషన్లకి తిప్పుతారు" అంటావు. రిపోర్టులు కూడా అలాగే అనుకుని అంచనా కడతాయి. అనుకోవడానికి ఏముంది, ఒక గడిలో అంకె మార్చడమే. ఆడవాళ్లు ఉచితంగా ఎక్కే బస్సుని ఏ ప్రభుత్వం తీసేస్తుందో నువ్వే చెప్పు. రాజకీయంగా తీసుకోవలసిన నిర్ణయం ఇన్‌పుట్ ఫైలులో కూర్చుని ఉంది, దాన్ని చూసేది మనలాంటి ఒకరిద్దరు. నాకు మెట్రో అంటే వైరం లేదు. ఆ నిర్ణయం మంత్రివర్గం ముందూ, జనం ముందూ బాహాటంగా పెట్టమంటాను. బస్సులుంటే ఇంత, తీసేస్తే ఇంత అని రెండు అంకెలు పక్కపక్కన వేయమంటాను.

అమరావతి సంగతీ ఇంతే. 2015 అక్టోబరులో శంకుస్థాపన. 2019 చివర మూడు రాజధానుల ప్రకటన. 2024లో ప్రభుత్వం మారి, 2025 మేలో పనుల పునఃప్రారంభం. ఈ పదేళ్లలో మూడు వేర్వేరు ఏళ్లలో ముగ్గురు కూర్చుని 2035లో తుళ్లూరులో ఎంతమంది ఉంటారని రాస్తే, అదే సాఫ్ట్‌వేరు, అవే సూత్రాలు, మూడు వేరే ఊళ్లు తేలతాయి. పైగా మనకి చేతిలో ఉన్న జనాభా 2011 నాటిది, కార్పొరేషన్ 10.34 లక్షలు. తరవాతి లెక్క 2027లో. అంటే పదిహేనేళ్ల కిందటి అంకెని ముందుకి లాగి, రాజధాని కథని దానికి కలిపి, దాని మీద ముప్పై ఏళ్ల అంచనా. ఎదిగే ఊళ్లో రేపటి ప్రయాణికుల్లో చాలామంది ఇవాళ పొలాలున్న చోట ఉండబోయేవాళ్లు. పటమట, గవర్నర్‌పేట వాళ్ల అలవాట్లతో సూత్రం బిగించి పోరంకి, పెనమలూరు, ఉండవల్లి వాళ్లకి తొడుగుతున్నాం. తాత కొలతలతో మనవడికి చొక్కా కుట్టినట్టుంటుంది.

అందుకే పెద్ద మోడళ్ల మీద నాకు మోజు పోయింది. మనలాంటి పది పదిహేను లక్షల ఊరికి మనిషి మనిషినీ నడిపించే భారీ సిమ్యులేషన్లు తెచ్చి పెట్టాలని ఇప్పుడు ఉత్సాహం ఎక్కువగా ఉంది. తెర మీద చుక్కలు కదులుతుంటే మీటింగులో అందరికీ ముచ్చటేస్తుంది. లోపల పోసింది మాత్రం అదే సున్నా కొట్టిన ఫారం. ఆ డబ్బు సర్వేకి పెట్టమంటాను. ఆడవాళ్లని ఆడవాళ్లతో అడిగించమంటాను. "ఎక్కడికి వెళ్లారు" అని కాకుండా "పొద్దున లేచాక గుమ్మం దాటిందెప్పుడు" అని మొదలుపెట్టి, ఒక్కో అడుగూ అడిగించమంటాను.

ఇంకో నిధి మన కళ్లెదురుగానే ఉంది. ఉచితమే అయినా కండక్టరు జీరో టికెట్టు కొట్టాల్సిందే. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ మిషన్‌లో పడతాయి. అంటే ఏ సర్వే పట్టుకోలేని ఆడవాళ్ల ప్రయాణాలు, ఏ గంటకి ఎక్కడినుంచి ఎక్కడికో, రోజూ వాటంతటవే రికార్డవుతున్నాయి. ఆ లెక్కని బస్సు నష్టం ఎంత, ప్రభుత్వం ఇవ్వాల్సింది ఎంత అని తేల్చడానికే వాడితే పాపం కదూ? బుధవారం పదకొండింటికి సింగ్‌నగర్ నుంచి వన్‌టౌన్‌కి ఎంతమంది పోతున్నారో అందులో చూడొచ్చు. మన మోడళ్లకి తెలిసింది పొద్దున తొమ్మిదిన్నరా, సాయంత్రం ఆరూ. ఆవిడ రోజంతా ఆ రెండింటి మధ్యే గడుస్తుంది.

మరొకటి. ఇంగ్లండ్‌లో పెద్ద రోడ్డు వేస్తే తెరిచిన ఏడాది తరవాత ఒకసారి, ఐదేళ్ల తరవాత మరోసారి వెనక్కి వెళ్లి, అంచనా ఎంత, జరిగింది ఎంత అని చూసి ప్రచురిస్తారు. మన దగ్గర రిబ్బను కత్తిరించాక ఆ ఫైలు బీరువాలో పడుకుంటుంది. మన బీఆర్‌టీఎస్ (బస్ రాపిడ్ ట్రాన్సిట్) రోడ్డునే చూడు. పేరులో బస్సు మిగిలింది, బస్సుకని విడిగా వదిలిన దారి మీద అందరి బండ్లూ పోతున్నాయి. అప్పటి అంచనాలు ఎక్కడ తప్పాయో ఎవరైనా తీసి చూస్తే, పక్కనే వేయబోయే వాటికి ఎంత ఉపకారం!

ఇంత రాసి ఎక్కుతారో లేదో చెప్పలేదంటావేమో. గన్నవరం లైను మీద విమానాశ్రయం పేరు చెప్పి ఆశ పెట్టుకోవడం నాకు అంతగా నచ్చదు, విమానమెక్కేవాళ్లు ఊళ్లో ఎంతమంది? దారిలో ఉన్న కాలేజీలు, ఆస్పత్రులు, కొత్త కాలనీలే దాన్ని నిలబెట్టాలి. బందరు రోడ్డు లైనుకి జనం ఉన్నారు, ఇవాళ బస్సుల్లో, సర్వీస్ ఆటోల్లో కిక్కిరిసి కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లు పైకెక్కుతారా అన్నది చార్జీ మీదా, మెట్లెక్కి దిగే ఓపిక మీదా, కింద బస్సు ఉంటుందా ఉండదా అన్నదాని మీదా ఉంది. ఏ రిపోర్టు అయినా వీటికి ఒకే అంకె ఇస్తే నేను నమ్మను. ఇంతనుంచి ఇంతదాకా అని ఇస్తే, ఆ కింది అంకెకి కూడా ఈ ఖర్చు గిట్టుతుందా అని అడుగుతాను.

సంక్రాంతికి వస్తున్నావుగా. వచ్చేటప్పుడు మీ విస్టా ఫారం ప్రతి ఒకటి పట్రా, నడకని ఏ మాటలతో అడుగుతారో చూడాలి. మన కుర్రాళ్లకి తెలుగులో తయారుచేసి పెడదాం, ఇద్దరం కూర్చుంటే రెండు పూటల పని. ఒకరోజు బస్టాండు నుంచి పెనమలూరు దాకా సిటీ బస్సులో వెళ్లొద్దాం, మధ్యాహ్నం పూట, ఆడవాళ్లే ఎక్కువుంటారు, కబుర్లు వినొచ్చు. నీ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు చూసి జీరో టికెట్టు ఇవ్వరు తల్లీ, చిల్లర తెచ్చుకో.

నీ,
బెజవాడ నేస్తం.